వీనస్ ఫ్లైట్రాప్: చిన్నదిగా ఉండటమే దాని బలం

కుండీలోని వీనస్ ఫ్లైట్రాప్ అరచేతిని మించి ఎదగకపోతే పెంపకంలో లోపముందని చాలామంది అనుకుంటారు. ఆ మొక్క చరిత్ర చూస్తే అది పొరపాటని తెలుస్తుంది. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరొలైనాల తీరప్రాంతపు చిత్తడి ఇసుక నేలలు దీని పుట్టిల్లు. పోషకాలు బొత్తిగా తక్కువైన ఆ నేలలో తరచూ కార్చిచ్చు రేగి పొదలను కాల్చేస్తుంది. ఆకులు కాలినా భూమిలోని దుంప నుంచి ఈ మొక్క మళ్లీ చిగురిస్తుంది. విత్తనం నుంచి ముదరడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. అప్పటికీ ఆకుల గుత్తి సుమారు 10-12 సెంటీమీటర్లు, పురుగులను పట్టే ఒక్కో ఆకు బోను 2-3 సెంటీమీటర్లే. 1759-60లో ఉత్తర కరొలైనా గవర్నర్ ఆర్థర్ డాబ్స్ తన ఉత్తరాల్లో దీన్ని వర్ణించాడు. 1768లో ప్రకృతి శాస్త్రవేత్త జాన్ ఎల్లిస్ శాస్త్రీయ నామం పెట్టాడు. 1875లో డార్విన్ కీటకాహార మొక్కల గ్రంథంలో దీనికో అధ్యాయమే కేటాయించాడు. వీరిని ఆకట్టుకున్నది బోను మూసుకునే కదలికే కానీ పరిమాణం కాదు.

పెద్ద బోనుల రకాలు ఉన్నాయి కదా అనవచ్చు. నిజమే, బి52 వంటి ఎంపిక చేసిన రకాల్లో బోను 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కానీ అది వంశలక్షణం, ఎరువు వల్ల వచ్చేది కాదు. మట్టిలో ఎరువు వేస్తే పేద నేలకు అలవాటుపడిన వేర్లు దెబ్బతింటాయి. అడవి నుంచి మొక్కను తెచ్చుకోవడమూ సరికాదు: అలాంటి దోపిడీ పెరగడంతో 2014లో ఉత్తర కరొలైనా కొన్ని కౌంటీల్లో దాన్ని తీవ్ర నేరంగా ప్రకటించింది. కాబట్టి నర్సరీలో పెంచిన మొక్కనే కొనండి, దాని సహజ పరిమాణాన్ని గౌరవించండి.