కొట్టు మాట, చేను మాట

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే రోడ్డు మీద ఆరాంఘర్ దాటి, గగన్‌పహాడ్ దాటితే సాతంరాయి వస్తుంది. ఆ పైన శంషాబాద్. కొద్ది దూరంలో ఒకవైపు హిమాయత్‌సాగర్, మరోవైపు విమానాశ్రయం. ఇవాళ ఈ దారిన పోయేవాళ్ల కంట పడేవి గోదాములు, ఫంక్షన్ హాళ్లు, వెంచర్ల బోర్డులు. అయినా తెలుగునేల మీద సస్యరక్షణ చరిత్ర చెప్పుకోవడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. పక్కనే ఉన్న రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలిసింది. మరుసటి ఏడాది అక్కడి నుంచే అఖిల భారత వరి పరిశోధన పథకం మొదలైంది. 1966లో కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థ వచ్చింది. 2008లో దాన్నే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా, అంటే ఎన్‌ఐపీహెచ్‌ఎంగా మార్చారు. ‘సస్యరక్షణ’ పోయి ‘మొక్కల ఆరోగ్యం’ వచ్చిన ఆ నలభై రెండేళ్లలో ఏం జరిగిందన్నదే అసలు కథ.

పురుగుమందు సీసాలు రాకముందు ఈ చుట్టుపక్కల పేరుమోసిన పంట ద్రాక్ష. హైదరాబాద్ పేరు చెప్పగానే అనాబ్-ఎ-షాహీ గుర్తొచ్చే రోజులవి. ద్రాక్షకు బూజు తెగులు వస్తే రైతు తన చేత్తోనే బోర్డో మిశ్రమం కలుపుకునేవాడు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా నీళ్లలో కరిగించి, వంద లీటర్ల మందు తయారు చేయాలి. ఇనప పాత్ర వాడకూడదు. కలిపాక మెరిసే చాకు ఒకటి అందులో ముంచి తీయాలి. చాకు మీద ఎర్రటి రాగి పూత కనబడితే సున్నం చాలలేదన్నమాట, అలాగే కొడితే ఆకు మాడుతుంది. ఇంకాస్త సున్నపు తేట పోసి మళ్లీ చూడాలి. ఇదేదో అమృతమని నేననడం లేదు. తోటల్లో రాగి పేరుకుపోయే చిక్కు దానికీ ఉంది. కాకపోతే అందులో ఏముందో, ఎంతుందో, ఎందుకు కొడుతున్నాడో రైతుకు తెలుసు. తర్వాతి రోజుల్లో పోయింది ఆ తెలివిడే.

డీడీటీకి కీటకాలను చంపే గుణం ఉందని పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టాడు. 1948లో నోబెల్ కూడా వచ్చింది. మలేరియా అదుపులో దాని మేలు కాదనలేనిది. మన దగ్గర మొదటి హెచ్చరిక మాత్రం పొలంలో కాదు, పిండిలో వచ్చింది. 1958లో ఓడలో పారాథియాన్‌తో కలిసి ప్రయాణించిన గోధుమ సరుకు తిని కేరళలో వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘటనపై జరిగిన విచారణ ఫలితమే 1968 నాటి కీటకనాశనుల చట్టం. అంటే హరిత విప్లవం, పురుగుమందుల చట్టం దాదాపు ఒకేసారి మన గడప తొక్కాయి. మొదటిది ప్రతి ఊరికీ చేరింది. రెండోది లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

వరి విషయంలో మన శాస్త్రవేత్తలు త్వరగానే తేరుకున్నారు. పొట్టి రకాలు, దండిగా యూరియా, దగ్గర దగ్గర నాట్లు కలిసి దోమపోటును, ఉల్లికోడును పెంచి పోషించాయి. జవాబు సీసాలో లేదని గ్రహించి విత్తనంలోనే వెతికారు. ఉల్లికోడును తట్టుకునే సురేఖ, ఫల్గుణ అలా వచ్చినవే. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి దోమపోటును ఓర్చుకునే చైతన్య, కృష్ణవేణి వచ్చాయి. నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీయండని చెప్పారు. గాలి, వెలుతురు ఆడితే మొదళ్లలో దోమ నిలవదు. పైసా ఖర్చు లేని ఈ పనిని ఇప్పటికీ ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. బాటలకు వదిలిన జాగాలో దిగుబడి పోతుందని వాళ్ల బెంగ.

పత్తి దగ్గరే అసలు పతనం. దేశంలో సాగుభూమిలో అయిదు శాతమున్న పత్తి, పురుగుమందుల్లో సగం దాకా మింగేసేది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి. రెండు మూడేళ్లు అద్భుతంగా పనిచేశాయి. తర్వాత శనగపచ్చ పురుగు వాటికి అలవాటు పడింది, పురుగును తినే పురుగులు మాత్రం చచ్చాయి, తెల్లదోమ విజృంభించింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు కుప్పకూలారు. పదేళ్లకు 1997-98లో వరంగల్‌లో లద్దె పురుగు రూపంలో అదే కథ నడిచింది. రెండుసార్లూ రైతుల ఆత్మహత్యలే పతాక శీర్షికలయ్యాయి. 1997 నుంచి 2002 దాకా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పురుగుమందు విషానికి గురై చేరినవాళ్లు 8 వేల పైచిలుకు. వారిలో అయిదుగురిలో ఒకరికి పైగా దక్కలేదు.

నేరమంతా రసాయనం మీద తోసేస్తే లెక్క సరిపోదు. పురుగు పడిందని రైతు పరుగెత్తేది మందుల కొట్టుకు. అక్కడి యజమానే సలహాదారు, అప్పిచ్చేవాడు, పంట కొనేవాడు కూడా. ‘ఇది కొట్టు, దానికి తోడు ఇది కలుపు’ అంటాడు. మూడు సీసాలు ఒకే డ్రమ్ములో పడతాయి. ఏ పురుగుకు ఏది పనిచేసిందో కొట్టిన రైతుకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. మందు కొట్టాలన్న నిర్ణయం చేను గట్టు మీద నుంచి కొట్టు బల్ల మీదికి మారింది. సమగ్ర సస్యరక్షణ అని మనం అంటున్నదంతా, నా దృష్టిలో, ఆ నిర్ణయాన్ని మళ్లీ గట్టు మీదికి తెచ్చే ప్రయత్నమే.

ఈ ఆలోచనకు శాస్త్రరూపం 1959లో కాలిఫోర్నియాలో వచ్చింది. పురుగు కనబడగానే కాదు, అది చేసే నష్టం మందు ఖర్చును మించబోతున్నప్పుడే కొట్టాలని కీటక శాస్త్రవేత్త స్టెర్న్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. మన వ్యవసాయ శాఖ కరపత్రాల్లో ‘ఆర్థిక నష్టపరిమితి’ అని ఉండేది ఇదే. దోమపోటుతో వరి మట్టికొట్టుకుపోయిన ఇండోనేషియా 1986లో వరిపై 57 రకాల మందులను ఒక్క ఆదేశంతో ఆపేసింది. 1989లో అక్కడే రైతుల క్షేత్ర పాఠశాలలు పుట్టాయి. మనకు అవి ‘పొలంబడి’గా వచ్చాయి.

పొలంబడిలో పలకా బలపం ఉండవు. వారానికోసారి పొద్దున్నే పాతికమంది రైతులు చేలో దిగుతారు. జట్లుగా విడిపోయి అక్కడొకటి ఇక్కడొకటి మొక్కలు ఎంచుకుని ఆకు తిప్పి తిప్పి చూస్తారు. చెట్టు కిందికొచ్చి పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ వేస్తారు. ఒకవైపు పచ్చదోమ, పేనుబంక, పురుగు గుడ్లు. ఇంకోవైపు అక్షింతల పురుగు, సాలీడు, అల్లిక రెక్కల పురుగు. పక్కన అంకెలు, పైన ఆ రోజు ఎండా మబ్బూ. మిత్రులెందరు, శత్రువులెందరు అని వాదించుకుని ఈ వారం ఏం చేయాలో తేలుస్తారు. చాలా వారాలు తేలేది ‘ఏమీ చేయనక్కర్లేదు’ అనే. ఆ మాట ఏ కొట్టులోనూ వినబడదు.

అంతకుముందే తెలంగాణ మెట్టలో ఇంకో పాయ మొదలైంది. తొలకరి వానలకు నేలలోంచి లేచే ఎర్ర గొంగళి పురుగు రెక్కల పురుగులను, సందెవేళ ఊరంతా ఒకేసారి మంటలు వేసి పట్టేవారు. 1980ల చివర్లో స్వచ్ఛంద సంస్థలు దాన్ని ఉద్యమంగా నడిపాయి. రాజమండ్రి పొగాకు పరిశోధన సంస్థ డైరెక్టర్‌గా పనిచేసిన ఎం.ఎస్. చారి వంటివారు పురుగుమందుల్లేని సాగుకు శాస్త్రం తోడిచ్చారు. పొగాకు నారుమడి చుట్టూ ఆముదం వేస్తే లద్దె పురుగు గుడ్లు పెట్టడానికి దాని మీదికే పోతుంది. ఆ ఆకులు తుంపి నాశనం చేస్తే సరి. నాటి ఖమ్మం జిల్లా పునుకులలో మందులు మానాలని మహిళా సంఘాలు పట్టుబట్టాయి, వేప గింజల కషాయం నూరాయి. 2004 నాటికి ఊరు తనను తాను పురుగుమందుల్లేని గ్రామంగా ప్రకటించుకుంది.

2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలిచే పురుగుల మందులు తగ్గిన మాట నిజం. అదే శాశ్వతమనుకున్నాం. 2010 కల్లా గుజరాత్‌లో గులాబీ పురుగు మొదటి తరం బీటీని ఓడించింది. ఇప్పుడు మళ్లీ లింగాకర్షక బుట్టలు, డిసెంబరు దాటాక పంట పొడిగించవద్దన్న హితవు.

ఇన్ని చెప్పుకున్నా, మందు కొట్టక తప్పని రోజు వస్తుంది. డబ్బా మీది త్రిభుజం విషపు స్థాయిని చెబుతుంది: ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కొట్టేవాళ్లలో ఎంతమంది దాన్ని చూస్తారు? లుంగీ ఎగగట్టి, వట్టి కాళ్లతో, డ్రమ్ములో చెయ్యిపెట్టి కలిపేవారే ఎక్కువ. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదడం ఇప్పటికీ ఉంది. గాలికి ఎదురు కొట్టకూడదు. తొడుగులు, మాస్కు, నిండు చేతుల చొక్కా ఉండాలి. పని అయ్యాక సబ్బుతో స్నానం చేసేదాకా బీడీ ముట్టించకూడదు. స్ప్రేయర్‌ను చెరువులోనో కాలువలోనో కడగకూడదు. ఈ చివరి మాట సాతంరాయి చుట్టుపక్కల ఇంకా గట్టిగా చెప్పాలి. శంషాబాద్ మండలంలో చాలా ఊళ్లను, నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో కిందికి తెచ్చింది హిమాయత్‌సాగర్ నీటి కోసమే. కూరగాయల రైతు గమనించాల్సింది మరొకటుంది. కొట్టిన తర్వాత కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద రాసి ఉంటుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై 2005లోనే నిషేధించారు. 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపింది. నిషేధాలు వచ్చేసరికి ఎప్పుడూ ఆలస్యమే అవుతోంది.

2008లో విమానాలు దిగడం మొదలయ్యాక ఈ ప్రాంతంలో ద్రాక్ష పందిళ్లు పోయి ప్లాట్లు వచ్చాయి. ఇప్పుడు పునాదుల్లో చెదల మందు పోస్తున్నారు, కొలతా జాగ్రత్తా అక్కడా అంతంతే. మిగిలిన ఆకుకూరల, పూల మడుల పంట నేరుగా నగరం నోటికే పోతుంది. కాబట్టి ప్రభుత్వానికి ఒక్కటే విన్నపం. తెలంగాణలో 2,601 రైతు వేదికలు కట్టారు. వాటిలో వారానికో పూట పొలంబడి పెట్టండి. చేను చూసిన విస్తరణ అధికారి చీటీ రాసిస్తేనే ఎర్ర త్రిభుజం మందు అమ్మాలని నిబంధన తెండి. శంషాబాద్ మండలంతోనే మొదలుపెట్టండి, నేర్పేవాళ్లు రాజేంద్రనగర్‌లోనే ఉన్నారు.