దండారీ: ఊరిని ఊరితో కలిపే ఆట

దీపావళి దగ్గర పడుతోందంటే మా గూడెంలో అటక మీది డప్పులు, గుమేలలు కిందికి దిగుతాయి. నా చిన్నప్పుడు ఆ రోజుల్లో బడి గుర్తుకొచ్చేది కాదు. మా బాపు చేయి పట్టుకుని దండారీ వెంట పక్క ఊరికి నడిచిపోయేవాణ్ణి. పొలిమేర దగ్గర మా వాద్యాలు మోగగానే అవతలి ఊరి వాద్యాలు బదులు పలికేవి. ఆ ఊరి పటేల్ నలుగురు పెద్దలతో ఎదురొచ్చి, రాం రాం చెప్పి మమ్మల్ని విడిదికి తీసుకుపోయేవాడు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పిల్లలకు పాఠం చెప్పి బతుకుతున్నాను. గుస్సాడీ ఆట గురించి, నెమలి ఈకల టోపీ గురించి ఈమధ్య చాలామంది రాస్తున్నారు. మంచిదే. కానీ నాకు ఆట కన్నా ఆ నడకే ఎక్కువ గుర్తొస్తోంది. దండారీలో ఆట సగం, అతిథిగా పోవడం సగం. ఆ రెండో సగాన్ని మనం మరిచిపోతున్నామన్నదే నా బాధ.

దండారీ ఎలా నడుస్తుందో తెలియని పిల్లలు మనలోనే ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. భోగి నాడు వాద్యాలకు, టోపీలకు పూజ చేసి మొదలుపెడతారు. కోలబోడితో ముగిస్తారు. గుస్సాడీలు ఒంటికి బూడిద పూసుకుంటారు. తలకు నెమలి ఈకల టోపీ, మెడలో పూసల దండలు, నడుముకు, కాళ్లకు గంటలు, భుజాన జంతుచర్మం, చేతిలో గంగారాం సోట ఉంటాయి. దీక్ష ముగిసేదాకా వాళ్లు స్నానం చేయరు. ఆ రోజుల్లో వాళ్ల మీదికి ఏత్మాసూర్ దేవుడు వస్తాడని మన నమ్మకం. జట్టులో ఆడవేషం కట్టే కుర్రవాళ్లూ ఉంటారు. వాళ్లను పోరిక్ అంటాం. గుండ్రంగా తిరిగే కోలాటం, పాట, నవ్వించే చిన్న చిన్న నాటకాలు, ఇవన్నీ కలిస్తేనే దండారీ. నాట్యం, నాటకం, పూజ అని మన పెద్దలు వేర్వేరు గదులు కట్టలేదు.

ఒక ఊరి జట్టు ఇంకో ఊరికి పోతే ఆ రాత్రికి భోజనం, విడిది ఆ ఊరిదే. తెల్లారి పోయేటప్పుడు తోచినంత డబ్బో ధాన్యమో ఇచ్చి సాగనంపుతారు. పిల్లనిచ్చే మాటలు, పిల్లను అడిగే మాటలు ఆ రాత్రే నడుస్తాయి. మనలో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి కదా. ఒకే సగవాళ్లు అన్నదమ్ములు. వేరే సగవాళ్లతోనే వియ్యం. పహండి కుపార్ లింగల్ కథలో ఈ ఏర్పాటు ఉంది. ఆ కథను కిక్రి వాయిస్తూ మనకు చెప్పి కాపాడింది మన ప్రధాన్ సోదరులు. అంటే వియ్యం కావాలంటే ఊరు దాటాల్సిందే. ఊరు దాటడానికి దండారీ దారి చూపించింది. పోయిన ఏడు మీ ఇంట్లో అన్నం తిన్నవాడు ఈ ఏడు మీ మీదికి కర్ర ఎత్తడానికి ఒకసారి ఆలోచిస్తాడు. తగవు వస్తే సార్మేడి దగ్గరికో రాయి సెంటర్‌కో పోయి కూర్చోవడం కూడా అతనికి సులువవుతుంది. మన శాంతికి ఆధారం ఇదే.

గోదావరి ఒడ్డున, ఇప్పటి మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం గుడిరేవులో పద్మల్‌పురి కాకో గుడి ఉంది. కాకో అంటే అమ్మమ్మ. దండారీ రోజుల్లో ఎన్నో గూడేల జట్లు అక్కడికి చేరతాయి. ఒక్కో జట్టు మొక్కు ఒక్కోలా ఉంటుంది. అయినా అమ్మమ్మ గుమ్మం ముందు అందరూ మనవళ్లే, మనవరాళ్లే.

ఇక చరిత్రకు వద్దాం. జల్, జంగల్, జమీన్ కోసం పోరాడిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆయన వర్ధంతిని మనం ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకుంటాం. ఆ పౌర్ణమి దాటాకే దండారీ కాలం. దుఃఖం వెనకాలే ఆట వస్తుంది. ఇది నాకు యాదృచ్ఛికంగా కనిపించదు. చనిపోయినవాళ్లను తలుచుకుని, బతికినవాళ్లు ఒకరి ఊరికి ఒకరు పోవడం మన వాళ్లకు తెలిసిన మందు.

భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం కారణాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మన మధ్యే ఉన్నారు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు తయారయ్యాయి. నాలాంటి ఆదివాసీ పంతుళ్లకు అదే పుట్టిల్లు. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి.

అదే మార్లవాయి నుంచి కనక రాజు వచ్చాడు. 1980ల మొదట్లో ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో ఆయన గుస్సాడీ ఆడాడు. అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ. ఎందరో కుర్రవాళ్లకు ఆయన అడుగు నేర్పాడు. 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో, సరిగ్గా దీపావళి ముందు, ఆయన వెళ్లిపోయాడు.

ఆ 1980ల మొదట్లోనే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన మన వాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రభుత్వ లెక్క 13 మంది. చనిపోయింది అంతకు ఎన్నో రెట్లు అని మన వాళ్లు ఈనాటికీ చెబుతారు. మన ఆటకు వేదిక దొరికిన కాలమూ, మన మాటకు తూటా దొరికిన కాలమూ ఒకటే. పిల్లలకు ఈ రెండూ కలిపి చెప్పాలి. ఒకటే చెబితే గర్వం మిగులుతుంది, లేదా కోపం మిగులుతుంది.

వేదిక వల్ల మేలు జరిగింది. మనల్ని చూసి నవ్వినవాళ్లు చప్పట్లు కొట్టారు. నష్టమూ జరిగింది. నాయకుడు వస్తే గుస్సాడీ, సభ మొదలైతే గుస్సాడీ. దీక్ష లేకుండా, కాలం కాని కాలంలో టోపీ పెట్టడం తప్పని మన పెద్దలు అంటూనే ఉన్నారు. నేను దానికి ఇంకొకటి కలుపుతాను. వేదిక మీద ఐదు నిమిషాలు ఆడి దిగినప్పుడు ఎవరూ ఎవరి ఇంటికీ పోలేదు. విడిది లేదు, ఒకే చోట కూర్చుని తిన్న అన్నం లేదు. దండారీలోని శాంతి పని ఆగిపోయి, ఆట మాత్రం మిగిలింది.

ఈ సంగతి నాకు బాగా తెలిసింది 2017 తర్వాతే. ఎస్టీ జాబితా విషయమై ఆ ఏడు చివర్లో ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీలకు, లంబాడాలకు మధ్య పరిస్థితి చేయి దాటింది. ఆ ప్రశ్న తేలాల్సిన చోట తేలాలి. మన హక్కు గురించి మనం మాట్లాడాలి కూడా. కానీ ఆ వేడి నా తరగతి గదిలోకి వచ్చింది. గూడెం పిల్లలు ఒక వరుస, తండా పిల్లలు ఒక వరుస. అంతకుముందు రోజుదాకా ఒకే బంతితో ఆడుకున్నవాళ్లు.

చాలా రోజులు ఏం చేయాలో తోచలేదు. చివరికి మా గూడెం దేవారిని అడిగాను, బడిలో దండారీ ఆడిద్దామా అని. ఆయన ఒప్పుకోలేదు. "టోపీ దేవుడిది మాస్టరూ, బడిది కాదు. నడిచి పోవడం నేర్పించు, అది అందరిదీ" అన్నాడు. నాకు ఆ మాట చాలింది.

టోపీ ముట్టలేదు. బడిని రెండు ఊళ్లు చేశాం. ఒక శనివారం గూడెం పిల్లలు వరండాలో అతిథులు, తండా పిల్లలు ఆ ఊరివాళ్లు. ఎదురొచ్చి పలకరించాలి, కూర్చోబెట్టాలి, తెచ్చుకున్న సద్ది పంచాలి. తర్వాతే పాట, ఆట. మరో శనివారం అటుది ఇటు. తండా ఆడపిల్లలు తీజ్ గురించి, గోధుమ మొలకల బుట్టల చుట్టూ పాడే పాటల గురించి చెప్పారు. ఆ తర్వాత చిన్న నాటకం. వాగు నీళ్ల కోసం రెండు ఊళ్ల తగవు. ఒకటే నియమం పెట్టాను: ఎవరి పాత్ర వాళ్లు వేయకూడదు. గూడెం పిల్లవాడు తండా నాయక్ కావాలి, తండా పిల్ల గూడెం పటేల్ కావాలి. ఎదుటివాడి తరఫున వాదించాలంటే వాడి బాధ తెలుసుకోవాలి. పిల్లలు ఇంటికి పోయి కాదు, పక్క వరుసలోకి పోయి అడిగారు.

అంతటితో అంతా బాగైపోయిందని చెప్పను. ఒక తండ్రి వచ్చి, మా పిల్లతో ఈ వేషాలేమిటని గొడవపెట్టుకుని ఆమెను తీసుకుపోయాడు. ఆ పిల్ల వారం దాకా రాలేదు. పెద్దల తగవు అలాగే ఉంది. కానీ బెంచీల మీద వరుసలు మళ్లీ కలిసిపోయాయి. అది నేను కళ్లారా చూశాను.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. వార్షికోత్సవానికి పిల్లలకు రంగు కాగితాల టోపీలు పెట్టి ఆడించకండి. ముందు మీ ఊరి దేవారిని, పటేల్‌ను అడగండి. ఏది దేవుడిదో, ఏది అందరిదో వాళ్లు చెబుతారు. ప్రధాన్ తాత ఎవరైనా ఉంటే బడికి పిలిచి కిక్రి వినిపించండి. జోడేఘాట్, ఇంద్రవెల్లి కథలను పిల్లల చేతే నాటకంగా కట్టించండి. యువతకు కూడా ఒక మాట. ఈసారి దండారీని సెల్‌ఫోన్‌లో చూసి ఊరుకోకండి. జట్టు వెంట నడవండి. అలిగి మాట మానేసిన ఊరు ఏదైనా ఉంటే, ముందు ఆ ఊరికే పోదామని పెద్దలతో అనండి.

మా బాపు ఇప్పుడు లేడు. పొలిమేర దగ్గర డప్పు మోగించి, అవతలి నుంచి బదులు వచ్చేదాకా ఆయన అడుగు ముందుకు వేసేవాడు కాదు. ఎంతసేపైనా ఆగేవాడు. ఆ ఆగడం కూడా ఆటలో భాగమేనని నాకు ఆలస్యంగా తెలిసింది.