నంబర్ వన్ అయిన రోజుల్లోనే

1981 జూలైలో బ్రిటన్ అంతటా ఒకే పాట మోగింది: ‘ఘోస్ట్ టౌన్’. క్లబ్బులు మూతబడి, చేసేందుకు పనుల్లేక, కుర్రాళ్లు తమలో తాము కొట్టుకుంటున్న ఊరి పాట అది. ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ మండింది. జూలై మొదట్లో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ అంటుకుంది, ఆ వెనక ఊరి తర్వాత ఊరు. వీధుల్లో పొగ లేస్తుండగానే పాట మొదటి స్థానానికి ఎక్కి మూడు వారాలు దిగలేదు. పాడిన ‘ది స్పెషల్స్’ బృందానికి మాత్రం ఆ వైభవం దక్కలేదు.

పాట కట్టిన జెర్రీ డామర్స్ పుట్టింది మన ఊటీలో, 1955లో. తండ్రి చర్చి గురువు. కుర్రాడు ఎదిగింది కోవెంట్రీలో. 1940 నవంబరులో జర్మన్ బాంబులకు నేలమట్టమైన నగరాన్ని యుద్ధం తర్వాత కార్ల ఫ్యాక్టరీలు లేపి నిలబెట్టాయి. పని వెతుక్కుంటూ జమైకా నుంచీ పంజాబు నుంచీ జనం వచ్చి చేరారు. జమైకా వాళ్ల వెంట స్కా వచ్చింది. 1962లో ఆ దీవికి స్వాతంత్ర్యం వచ్చిన కాలపు సంగీతం. దెబ్బ పడాల్సిన చోట గిటారు ఊరుకుంటుంది, సందులో టక్కున మోగుతుంది. వింటున్నవాళ్ల కాళ్లు నిలవవు. 1979లో డామర్స్ ‘టూ టోన్’ రికార్డుల కంపెనీ పెట్టాడు. నలుపు తెలుపు గళ్లు దాని గుర్తు. గుర్తుకు తగ్గట్టే బృందం: ఏడుగురిలో లిన్వల్ గోల్డింగ్, నెవిల్ స్టేపుల్ జమైకాలో పుట్టినవాళ్లు, మిగతావాళ్లు తెల్లవాళ్లు. నల్లా తెల్లా ఒకే వేదిక మీద గంతులేస్తుంటే అంతా సర్దుకుంటుందని నమ్మిన కుర్రకారు ఎంతోమంది.

సర్దుకోలేదు. 1980లో కోవెంట్రీ కాన్లీలోని ట్రయంఫ్ ఫ్యాక్టరీలో కార్ల తయారీ ఆగింది. మరుసటి ఏడాదికి దేశంలో నిరుద్యోగులు 25 లక్షలు దాటారు. గ్లాస్గోలో ముసలమ్మలు ఇంట్లోని కప్పులూ సాసర్లూ వీధిలో పెట్టి అమ్ముకోవడం డామర్స్ కంటబడింది. ఆ దిగులు పాటలోకి దిగింది. పావగడ తాలూకాలో మా నాగలమడిక వైపు వాళ్లకు ఇలాంటివి కొత్త కాదు. పెన్నలో ఇసుకే మిగిలిన ఏళ్లలో, బోర్లు ఎండి, ఇళ్లకు తాళాలేసి బెంగళూరు పనులకు పోయినవాళ్లున్నారు. తర్వాత మా హోబ్లి పొలాల్లో సోలార్ పలకలు లేచాయి, ఎకరాకింతని కౌలు వచ్చింది. కోవెంట్రీకి ఆపాటి కౌలు కూడా రాలేదు.

పాట రికార్డు చేసింది లెమింగ్టన్ స్పాలోని ఒక చిన్న స్టూడియోలో. ఆ ఇరుకులో ఏడుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితికి వచ్చారు. ఎడతెగని ప్రయాణాలతో ఒళ్లు హూనమైంది. డామర్స్ తన మాటే నెగ్గాలంటాడు. గిటారిస్టు రాడీ రేడియేషన్ గోడను కాలితో తన్నాడు. గోల్డింగ్ లోపలికి పరుగెత్తుకొచ్చి, ఇది బాగాలేదు, ఆపండి అన్నాడు. అంత రభసలోనూ రీకో రోడ్రిగెజ్ ట్రాంబోన్ తీరిగ్గా, ఏడుపు మింగినట్టు మోగింది. కింగ్‌స్టన్‌లో పెరిగిన ఆ పెద్దాయనకు స్కా పుట్టుక నుంచీ తెలుసు. నా మటుకు ఆ పాటలో మాటల కన్నా ఆ ట్రాంబోనే ఎక్కువ చెబుతుంది.

రికార్డు వెనకవైపు గోల్డింగ్ రాసిన ‘వై?’ ఉంది. 1980లో లండన్‌లో జాతి ద్వేషంతో కొందరు అతన్ని చావబాదారు; ఎందుకు కొట్టారన్నదే అతని ప్రశ్న. 1981 వసంతంలో కోవెంట్రీ నడిబొడ్డున ఒక సిక్కు విద్యార్థిని పొడిచి చంపారు. జూన్ 20న బృందం అక్కడే జాతి ద్వేషానికి వ్యతిరేకంగా కచేరీ చేసింది. అదే రోజు అదే నగరంలో తెల్లజాతి దురహంకారుల పార్టీ నేషనల్ ఫ్రంట్ ఊరేగింది.

అగ్రస్థానం అందిన ఆ జూలైలోనే, ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ టీవీ కార్యక్రమానికి వెళ్లినప్పుడు, మేకప్ గదిలో ప్రధాన గాయకుడు టెర్రీ హాల్, స్టేపుల్, గోల్డింగ్ తాము వెళ్లిపోతున్నామని చెప్పేశారు. ఇంతమంది గోడు మీద వచ్చిన బంగారు డిస్కు పట్టుకుని ఎలా సంబరపడాలో హాల్‌కు తోచలేదు.

తర్వాతిది త్వరగానే ముగిసింది. వెళ్లిన ముగ్గురూ ‘ఫన్ బాయ్ త్రీ’ అయ్యారు. 1982లో గోల్డింగ్ మీద కోవెంట్రీలోనే కత్తి దాడి జరిగి చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. డామర్స్ కొత్తగా కూడగట్టిన బృందంతో 1984లో ‘నెల్సన్ మండేలా’ పాటను నిలబెట్టాడు గానీ, ఏళ్ల తరబడి సాగిన ఆల్బమ్ అప్పుల్లో ముంచింది. 1986కల్లా టూ టోన్ మూతబడింది. పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే ఏడేళ్లు. పావగడ శనైశ్చరుడి గుడి చుట్టూ తిరిగే మావాళ్లు దీన్ని ఏలినాటి శని అనేసి ఊరుకుంటారు. నేను అనను. ఫ్యాక్టరీలు మూసింది శని కాదు, ఏడుగురిని విడదీసిందీ శని కాదు.

2009లో బృందం మళ్లీ కలిసి పర్యటనకు బయల్దేరింది, డామర్స్ లేకుండా. తనను బయట పెట్టేశారని అతని మాట. వాళ్ల మాటలు వాళ్లవి. అతను కట్టిన పాటను అతను లేని వేదికల మీద ఏళ్లపాటు పాడారు. 2022 డిసెంబరులో టెర్రీ హాల్ పోయాడు. డామర్స్, హాల్ ఇద్దరూ ఒకే వేదిక మీద ‘ఘోస్ట్ టౌన్’ పాడటం మళ్లీ జరగనే లేదు.