తూకం స్టేషన్ దగ్గర మన ట్రక్కు

ఈ వారం ట్రక్కుల గురించి నాలుగు మాటలు. కాలిఫోర్నియాలో నాకు నాలుగు ట్రక్కులున్నాయి. రోడ్డు మీద ఆపి చేసే తనిఖీకి ఎలా తయారవ్వాలని ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్ళు అడుగుతున్నారు. ముందు కాస్త చరిత్ర చెప్పనివ్వండి.

ఇక్కడ ట్రక్కుల భద్రత ఫెడరల్ ప్రభుత్వం చేతికి వచ్చింది 1935 నాటి మోటార్ క్యారియర్ చట్టంతో. అయితే రోడ్డు మీద బండిని ఆపేది రాష్ట్రాల వాళ్ళు. ఎవరి పద్ధతి వాళ్ళది. సరిహద్దు దాటితే మళ్ళీ మొదటికి. 1980లో పశ్చిమాన ఉన్న కొన్ని రాష్ట్రాలూ, కెనడా నుంచి ఆల్బెర్టా, బ్రిటిష్ కొలంబియాలూ కలిసి ఒకే కొలత పెట్టుకున్నాయి. ఒకరు చూసి స్టికరు అంటిస్తే మిగతావాళ్ళు దాన్ని మన్నించాలి. కమర్షియల్ వెహికిల్ సేఫ్టీ అలయన్స్ అలా పుట్టింది. ఆ స్టికరు ఇప్పటికీ మూడు నెలల దాకా పనికొస్తుంది. అందుకే ఇన్‌స్పెక్టరును చూసి తిట్టుకునేవాళ్ళతో నేను ఏకీభవించను.

పూర్తి తనిఖీలో 37 అంచెలున్నాయి. అన్నిటికంటే ఎక్కువ బళ్ళు ఆగిపోయేది బ్రేకుల దగ్గర. అయిదు ఇరుసుల బండికి పది బ్రేకులు. వాటిలో 20 శాతం, అంటే రెండు బాగాలేకపోయినా బండి అక్కడే ఆగిపోతుంది. సరుకు, డ్రైవరు, అవతల ఎదురుచూసే గోడౌన్, అన్నీ ఆగినట్టే. చిన్న యజమానికి ఆ వారం లాభం అంతటితో సరి. 1994 అక్టోబరు నుంచి తయారైన గాలిబ్రేకుల బళ్ళకి తమంతట తామే సర్దుకునే స్లాక్ అడ్జస్టర్లు తప్పనిసరి. అవి ఉన్నాయిగదా అని కొలవడం మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు. చక్రాలకి అడ్డు పెట్టి, ఇంజను ఆపి, గాలి 90 నుంచి 100 పౌండ్ల మధ్య ఉంచి, ఒకరు బ్రేకు తొక్కితే ఇంకొకరు కింద దూరి పుష్‌రాడ్ ఎంత కదిలిందో కొలవాలి. మామూలు టైప్ 30 ఛాంబరుకి రెండంగుళాలు దాటకూడదు. మా దగ్గర ఇది ప్రతి ఆదివారం పని.

టైర్లు, లైట్లు డ్రైవరు రోజూ చూసుకునేవే. కాగితాల సంగతి వేరు. 2017 డిసెంబరు నుంచి చాలామందికి ఎలక్ట్రానిక్ లాగ్ వచ్చింది. దాంతోపాటు ఎనిమిది రోజులకి సరిపడా ఖాళీ కాగితపు లాగ్ షీట్లు కూడా బండిలో ఉండాలని చాలామందికి గుర్తుండదు.

1988 నుంచి ఏటా 72 గంటలు రోడ్‌చెక్ అని గట్టిగా తనిఖీలు చేస్తారు. ఆ మూడు రోజులూ బళ్ళు ఇంట్లో పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. మన ఊళ్ళో ఎఫ్.సి. ముందు లారీకి రంగేయించినట్టే ఇదీనూ! నాలుగో రోజు అదే బ్రేకు, అదే రోడ్డు.

తనిఖీ అయ్యాక ఇచ్చిన రిపోర్టును డ్రైవరు అద్దం వెనక దోపి మరిచిపోకుండా చూసుకోండి. అందులో రాసిన లోపాలు బాగుచేయించి, సంతకం పెట్టి, 15 రోజుల్లో తిరిగి పంపాలి. కాపీ 12 నెలలు దాచాలి.