అద్దె ఇంట్లో ఉంటున్నారా? ప్రభుత్వం నుంచి ఏమొస్తుంది.. ఏం రాదు? కర్నూలు, కడప వాసులు తెలుసుకోవాల్సినవి ఇవే

నెల మొదటి వారం వచ్చిందంటే చాలు.. అద్దె టెన్షన్. కర్నూలు, కడపల్లో కూలి పనులు, ఆటో, చిన్న ప్రైవేట్ ఉద్యోగాలతో బతికే కుటుంబాలకు చేతికొచ్చిన డబ్బులో మొదట పోయేది ఇదే. మరి ఈ అద్దెకు ప్రభుత్వం ఏమైనా సాయం చేస్తుందా? సూటిగా చెప్పాలంటే, సాధారణ అద్దెదారుల ఖాతాలో నెలనెలా డబ్బు వేసే పథకం కేంద్రంలో లేదు, ఏపీలోనూ లేదు. కానీ అద్దెకుండే వాళ్లకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి.

వేరే దేశాల్లో ఎలా?

అమెరికాలో పేద కుటుంబాలకు హౌసింగ్ వోచర్లు ఇస్తారు. కుటుంబం తన ఆదాయంలో దాదాపు 30 శాతం అద్దెగా కడితే, మిగతాది ప్రభుత్వం నేరుగా ఇంటి ఓనర్‌కు చెల్లిస్తుంది. మన దేశంలో ఇలాంటి మాట గట్టిగా వినిపించింది ఢిల్లీలోనే. లాక్‌డౌన్ సమయంలో, 2020 మార్చి 29న, పేదలు అద్దె కట్టలేకపోతే ప్రభుత్వమే కడుతుందని అప్పటి సీఎం కేజ్రీవాల్ ప్రకటించారు. డబ్బు రాకపోవడంతో కొందరు కోర్టుకెళ్లారు. ఆ హామీని అమలు చేయాల్సిందేనని 2021 జులైలో హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు ఇచ్చారు. సెప్టెంబర్‌లో డివిజన్ బెంచ్ దానిపై స్టే ఇచ్చింది.

సర్కారు అద్దె ఇళ్లు ఉన్నాయా?

వలస కార్మికుల కోసం కేంద్రం 2020లో అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్లను తక్కువ అద్దెకు ఇవ్వడం ఇందులో ఒక పద్ధతి. చండీగఢ్, సూరత్‌లలో ఇలా ఇచ్చారు. 2024 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0లోనూ అద్దె ఇళ్ల విభాగం ఉంది. కార్మికులు, ఉద్యోగం చేసే మహిళలు, విద్యార్థులు, వలస వచ్చిన వాళ్ల కోసం ఇది. కొత్త టెక్నాలజీతో ఇళ్లు కట్టే సంస్థకు చదరపు మీటరుకు కేంద్రం రూ.3,000, రాష్ట్రం రూ.2,000 ఇస్తాయి. అంటే డబ్బు వెళ్లేది కట్టేవాళ్లకు. అందులో ఉండేవాళ్లు అద్దె కట్టాల్సిందే.

మన దగ్గర ఇదెందుకు ముఖ్యమంటే.. కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి పారిశ్రామిక కేంద్రాలకు 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. ఫ్యాక్టరీలు వస్తే కార్మికులూ వస్తారు. వాళ్లకు గదులు కావాలి. లేకపోతే చుట్టుపక్కల అద్దెలు పెరిగేది ఖాయం.

టిడ్కో ఇళ్ల సంగతేంటి?

కర్నూలు జగన్నాథగట్టులో కనిపించే టిడ్కో అపార్ట్‌మెంట్లు అద్దె ఇళ్లు కావు. అవి లబ్ధిదారులకు సొంతంగా కేటాయించినవి. వైసీపీ హయాంలో 300 చదరపు అడుగుల ఇంటికి ఒక్క రూపాయే తీసుకున్నారు. 365, 430 చదరపు అడుగుల ఇళ్లకు మాత్రం లబ్ధిదారు వాటాతో పాటు బ్యాంకు లోన్ కూడా ఉంటుంది. ఇబ్బంది ఇక్కడే. రాష్ట్రంలో చాలామందికి ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు కంతులు మొదలయ్యాయి. ఓవైపు ఉంటున్న ఇంటికి అద్దె, మరోవైపు చేరని ఇంటికి కంతు. అద్దె సాయం నిజంగా అవసరమైంది ఇలాంటి వాళ్లకే.

విద్యార్థులకు ఏముంది?

అద్దె సాయానికి కాస్త దగ్గరగా ఉండేది ఇదొక్కటే. 2020 ఫిబ్రవరిలో మొదలైన జగనన్న వసతి దీవెన కింద హాస్టల్, భోజన ఖర్చులకు ఏడాదికి ఐటీఐ వాళ్లకు రూ.10 వేలు, పాలిటెక్నిక్‌కు రూ.15 వేలు, డిగ్రీ, ఆపై చదువులకు రూ.20 వేలుగా నిర్ణయించారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ పేరు తీసేసి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌గా మార్చారు.

సొంతింటికి ఎవరు అర్హులు?

అర్బన్ 2.0 కింద సాయం కావాలంటే దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు. ఏడాది ఆదాయం రూ.3 లక్షల వరకు ఉంటే ఈడబ్ల్యూఎస్, 6 లక్షల వరకు ఎల్ఐజీ, 9 లక్షల వరకు ఎంఐజీ కింద లెక్క.

అడ్వాన్స్ ఎంత అడగొచ్చు?

కేంద్రం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం నివాస ఇంటికి అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదు. కరెంట్, నీళ్లు ఆపకూడదు. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రాలు సొంత చట్టం చేసుకోవాలి. ఏపీలో అద్దె చట్టం 2017లోనే వచ్చింది. గొడవ వస్తే నోటి మాట నిలబడదు కాబట్టి అగ్రిమెంట్ రాయించుకోండి. అద్దె ఫోన్‌పే, గూగుల్‌పేలో కడితే రుజువు ఉంటుంది.

చివరగా ఒక జాగ్రత్త. 'అద్దె డబ్బులు పడతాయి, అప్లై చేయండి' అంటూ వాట్సాప్‌లో లింక్ వస్తే ఆధార్ నంబర్, ఓటీపీ ఇవ్వొద్దు. ఇళ్ల పథకాల కోసం ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని దగ్గర్లోని వార్డు సచివాలయంలోనే అడగండి.