జాతరకు వెళ్తున్నారా? తేదీతోపాటు ‘ఏ రోజు’ అన్నదీ ముందే తేల్చుకోండి

2026లో మహాశివరాత్రి ఫిబ్రవరి 15న వచ్చింది. 2027లో మార్చి 6న వస్తోంది. పాత తేదీని ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకుని, ఆఫీసులో సెలవు తీసుకుని, కోటప్పకొండకు బయల్దేరితే అక్కడ ప్రభలూ ఉండవు, తిరునాళ్లూ ఉండదు. దాదాపు మూడు వారాలు ముందే వెళ్లినట్టవుతుంది.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా తెలుగు రాష్ట్రాల్లో జాతరల కాలం. పంటలు ఇంటికి చేరి, ఎండలు ఇంకా ముదరని రోజులివి. నగరాల నుంచి కుటుంబాలతో వెళ్లేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. కానీ చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. జాతర ‘ఎప్పుడు’ అని అడుగుతారు తప్ప, ‘ఏ రోజున ఏం జరుగుతుంది’ అని అడగరు. నాలుగు రోజుల జాతరలో మీరు వెళ్లే రోజును బట్టే ఏం చూస్తారు, ఎంతసేపు క్యూలో నిలబడతారు, పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అన్నవన్నీ తేలతాయి.

తేదీలు ఎందుకు మారతాయి?

సంక్రాంతి సూర్యమానం ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా జనవరి 14, 15 తేదీల చుట్టూనే ఉంటుంది. జాతరల్లో ఎక్కువ భాగం చాంద్రమానం ప్రకారం, అంటే తిథుల మీద నడుస్తాయి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే ఏటా పండుగలు కొంచెం ముందుకు జరుగుతూ వచ్చి, అధిక మాసం వచ్చిన ఏడాది ఒక్కసారిగా వెనక్కి వెళ్తాయి. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది. దాంతో ఆ తర్వాతి పండుగలన్నీ ఆలస్యమయ్యాయి. 2026 జనవరి 18న వచ్చిన పుష్య అమావాస్య 2027లో ఫిబ్రవరి 6న వస్తోంది.

తిథి తెలిస్తే చాలనుకోకండి. మేడారం జాతర మాఘ శుద్ధ పౌర్ణమికి జరుగుతుందని అందరూ చెబుతారు. కానీ అది బుధవారం మొదలై శనివారం ముగిసే జాతర. 2022లో పౌర్ణమి తొలి రోజైన బుధవారమే వచ్చింది. 2024లో చివరి రోజు శనివారం పడింది. 2026లోనైతే జనవరి 28 నుంచి 31 వరకు జాతర ముగిశాక, మర్నాడు ఆదివారం పౌర్ణమి. అక్కడ తేదీలు ఖరారు చేసేది పూజారుల సంఘం. వాళ్ల ప్రకటన వచ్చేదాకా టికెట్లు బుక్ చేయకపోవడమే మంచిది.

మేడారం: నాలుగు రోజుల్లో ఏ రోజు?

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలోని మేడారంలో సమ్మక్క–సారలమ్మ మహా జాతర రెండేళ్లకోసారి, సరి సంవత్సరాల్లో జరుగుతుంది. తర్వాతిది 2028లో. 1996లో దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఇక్కడ విగ్రహాలు లేవు. గద్దెలే గుడి, పూజారులు కోయలు.

కరువులో కప్పం కట్టలేమన్న కోయదొరలపైకి కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందని, ఆ పోరులో గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైందని, వెతికినవారికి కుంకుమ భరిణె దొరికిందని ఇక్కడి కథనం. ఆమె కొడుకు జంపన్న ప్రాణం వదిలిన సంపెంగ వాగే ఇప్పుడు జంపన్న వాగు. జాతర నాలుగు రోజులూ ఈ కథ చుట్టూనే తిరుగుతాయి.

బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మను గద్దెకు తీసుకొస్తారు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు కూడా చేరుకుంటారు. గురువారం అసలు ఘట్టం. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్క బయల్దేరుతుంది. పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపి స్వాగతం చెబుతారు. దారి పొడవునా ముగ్గులు, ఎదురుకోళ్లు, శివసత్తుల పూనకాలు. శుక్రవారం నలుగురూ గద్దెల మీద ఉంటారు కాబట్టి మొక్కుల రోజు. శనివారం సాయంత్రం వనప్రవేశంతో జాతర ముగుస్తుంది.

ఇప్పుడు లెక్క వేసుకోండి. గురువారం సాయంత్రం నుంచి శుక్రవారం రాత్రి వరకు రద్దీ పతాక స్థాయిలో ఉంటుంది. సమ్మక్క రాకను కళ్లారా చూడాలనుకునే పెద్దవాళ్లు, నడవగలిగినవాళ్లు ఆ రోజే వెళ్లాలి. అంతటి దృశ్యం మరెక్కడా దొరకదు కూడా. చంటిపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు వెంట ఉంటే మాత్రం ఆ రోజు వద్దు. జాతరకు ముందు వారాల్లోనే వేలమంది వచ్చి ముందస్తు మొక్కులు చెల్లించి వెళ్తున్నారు. గద్దెలు అవే, బెల్లం అదే. ముందస్తుగా వెళ్లినా బుధ, ఆదివారాలు కాకుండా చూసుకుంటే ఇంకా తేలిక.

బేసి సంవత్సరాల్లో మినీ జాతర ఉంటుంది. 2025లో ఫిబ్రవరి 12 నుంచి 15 వరకు జరిగింది. ‘అప్పుడు వెళ్తే సమ్మక్కను గద్దెకు తెచ్చేది చూడొచ్చా’ అని చాలామంది అడుగుతుంటారు. చూడలేరు. మినీ జాతరలో గుడి శుద్ధి, మండమెలిగె పూజలు జరుగుతాయి తప్ప వనదేవతలను గద్దెల మీదికి తీసుకురారు. మొక్కు తీర్చుకోవాలంటే మినీ జాతర చాలు, సమ్మక్క రాకను చూడాలంటే 2028 దాకా ఆగాల్సిందే.

‘బంగారం’ మాట విని కంగారుపడే కొత్తవాళ్ల కోసం ఒక మాట. మేడారంలో బంగారం అంటే బెల్లం. నిలువెత్తు బంగారం అంటే మనిషి ఎత్తు బరువు బెల్లం తూచి సమర్పించడం. రాలేనివారి కోసం 2024లో ఆర్టీసీ లాజిస్టిక్స్ విభాగం ప్రసాదాన్ని ఇళ్లకే చేర్చింది.

కారా, బస్సా?

హైదరాబాద్ నుంచి హనుమకొండ, ములుగు మీదుగా వెళ్లాలి. హనుమకొండ నుంచి సుమారు 100 కిలోమీటర్లు. దారిలో ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి తొలి మొక్కు చెల్లించడం ఆనవాయితీ. పాలంపేట రామప్ప గుడి కూడా ఈ వైపే ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ గుడిని జాతర రోజుల్లో కాకుండా విడిగా చూస్తేనే న్యాయం చేసినట్టు.

మహా జాతర రోజుల్లో సొంత కారు సౌకర్యం అనుకుంటాం. నిజానికి అదే కష్టం. గత జాతరల్లో ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా నేరుగా పంపారు, ప్రైవేటు వాహనాలను పస్రా, నార్లాపూర్ వైపు మళ్లించారు. తిరుగు దారి మరోటి. పార్కింగ్ నుంచి గద్దెల దాకా కిలోమీటర్ల కొద్దీ నడక. ఆర్టీసీ తాత్కాలిక బస్టాండు గద్దెలకు దగ్గర్లో పెడుతుంది. నడవలేనివారు వెంట ఉంటే బస్సే నయం. జాతర ప్రత్యేక బస్సుల్లో ఛార్జీ మామూలు కన్నా ఎక్కువ ఉండొచ్చు.

బేసి సంవత్సరమైతే పెద్దగట్టు

మేడారం లేని ఏడాది సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర జరుగుతుంది. గొల్లగట్టు జాతర అని కూడా అంటారు. తెలంగాణలో మేడారం తర్వాత పెద్ద జాతరగా దీన్నే చెప్పుకుంటారు. యాదవులు లింగమంతుల స్వామికి, చౌడమ్మకు మొక్కులు చెల్లిస్తారు. ‘ఓ లింగా’ అన్న కేకలతో, భేరీల మోతతో గుట్ట దద్దరిల్లుతుంది. 2023లో ఫిబ్రవరి 5 నుంచి 9 వరకు, 2025లో ఫిబ్రవరి 16 నుంచి 20 వరకు జరిగింది. ఆ వరుసలో తర్వాతిది 2027.

జాతరకు వెళ్లనివాళ్లకూ ఈ తేదీలు అవసరమే. గుట్ట హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పక్కనే ఉంది. ఆ ఐదు రోజులూ వాహనాలను నార్కట్‌పల్లి దగ్గర్నుంచి నల్గొండ వైపు మళ్లిస్తుంటారు. పెళ్లికో, విమానానికో బయల్దేరినవాళ్లు అదనపు సమయం పెట్టుకోవాలి.

నాగోబా: చూడటానికే కాదు, వినడానికీ

ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి నాగోబా మహాపూజ జరుగుతుంది. గోండుల్లో మెస్రం వంశస్థుల జాతర ఇది. వాళ్లు రోజుల తరబడి కాలినడకన వెళ్లి, జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి జలం తెచ్చి, మర్రిచెట్ల కింద విడిది చేసి, ఆ నీటితోనే పూజ చేస్తారు. పూజకు వాడే కుండలు సిరికొండ కుమ్మరులు చేసిస్తారు. వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేసే ‘భేటింగ్’ ఆ తర్వాత ఉంటుంది. అది ఆ కుటుంబాల సొంత వేడుక. కెమెరా పట్టుకుని ముందుకు తోసుకెళ్లే చోటు కాదు. ఫొటో తీయాలంటే అడగండి, వద్దంటే ఆగండి.

ఈ జాతరలో మరెక్కడా లేని ఒక ప్రజా సేవ ఉంది. అదే దర్బార్. 1940లో కుమురం భీం పోరాటంలో అమరుడయ్యాక, ఆదివాసీల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అధికారుల దగ్గరికి జనం రావడం కాదు, జనం కూడే చోటికే అధికారులు రావాలన్న ఆలోచనతో ఆ దశకంలోనే దర్బార్ మొదలైంది. ఇప్పటికీ కలెక్టర్, జిల్లా అధికారులు జాతరకు వచ్చి పోడు భూములు, రోడ్లు, తాగునీటి మీద అర్జీలు తీసుకుంటారు. ఏళ్ల తరబడి అవే అర్జీలు మళ్లీ వస్తున్నాయన్న విమర్శా ఉంది. పూజ రాత్రికి వెళ్లలేకపోతే దర్బార్ రోజుకు వెళ్లండి. ఏజెన్సీ గ్రామాల సంగతి ఒక్క పూటలో అర్థమవుతుంది.

ఆంధ్రలో: ప్రభలు, రథం

కోనసీమలో సంక్రాంతి మూడో రోజైన కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు మోసల్లపల్లి దగ్గరి కొబ్బరితోటకు చేరతాయి. గుడి లేదు, ఉన్నది తోటే. గంగలకుర్రు వాళ్లు ప్రభను భుజాల మీద మోస్తూ కౌశిక దాటించే దృశ్యం కోసం జనం గట్ల మీద గంటల ముందే చోటు పట్టుకుంటారు. 2023 రిపబ్లిక్ డే కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థమే. కనుమ కాబట్టి తేదీ బెంగ లేదు.

కోటప్పకొండ ప్రభలు వేరు. నరసరావుపేట దగ్గర త్రికోటేశ్వరుడి సన్నిధికి శివరాత్రినాడు ఊరూరి నుంచి పదుల అడుగుల ఎత్తున, విద్యుత్ దీపాలతో మెరిసే ప్రభలు వస్తాయి. పగలు వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తే సగం కూడా చూసినట్టు కాదు, దీపాలు వెలిగాకే అసలు అందం.

అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహుడి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. 2027లో ఇవి ఫిబ్రవరి మూడో వారంలో వస్తాయి. 2020 సెప్టెంబరులో పాత రథం దగ్ధమైంది. ఇప్పుడు లాగుతున్నది ఆ తర్వాత చేయించిన కొత్త రథం. రైల్లో నరసాపురం దిగితే అక్కడి నుంచి వశిష్ఠ గోదావరి మీద సఖినేటిపల్లికి పంటు ఉంది. బయల్దేరేముందు పంటు వేళలు కనుక్కోండి, లేకపోతే చుట్టు తిరిగి రావాలి.

హైదరాబాద్ దాటి వెళ్లలేకపోతే?

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది ముందు దాకా ఆదివారాల్లో సాగుతుంది. సంక్రాంతి తర్వాత మొదటి ఆదివారం పట్నం వారం, రెండోది లష్కర్ వారం. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఆ రెండు ఆదివారాలూ హైదరాబాద్, సికింద్రాబాద్ జనంతో నిండిపోతాయి. ప్రశాంతంగా దర్శనం కావాలంటే తర్వాతి ఆదివారాలు చూసుకోండి.

ఇక నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై ఇప్పుడు నాంపల్లిలో జరుగుతోంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకు. గాంధీభవన్ మెట్రో స్టేషన్లో దిగితే పార్కింగ్ గొడవ ఉండదు.

మహిళలకు ఉచిత బస్సు వర్తిస్తుందా?

తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. 2024 మేడారం జాతర బస్సుల్లోనూ ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. అక్కడ ఏపీ చిరునామా కార్డు కావాలి. అంటే విజయవాడ కార్డుతో మేడారం బస్సులో, హైదరాబాద్ కార్డుతో కోటప్పకొండ బస్సులో టికెట్ కొనాల్సిందే. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు రెండు చోట్లా ఉచితం లేదు.

పిల్లలు తప్పిపోకుండా

పెద్ద జాతరల్లో ఫోన్లు పనిచేయవనే అనుకుని బయల్దేరండి. లక్షలమంది ఒకేచోట చేరితే తాత్కాలిక టవర్లు పెట్టినా కాల్ కలవడం కష్టం. లొకేషన్ షేరింగ్‌ను నమ్ముకోవద్దు. బస్సు దిగగానే అందరికీ గుర్తుండే ఒక చోటు చూపించి, విడిపోతే అక్కడికే రావాలని చెప్పండి. పిల్లల జేబులో పేరు, ఊరు, రెండు ఫోన్ నంబర్లు రాసిన కాగితం పెట్టండి. జేబు లేని గౌను అయితే మణికట్టు మీద బాల్‌పెన్‌తో రాయండి. రెండో నంబరు జాతరకు రాకుండా ఇంట్లో ఉన్నవాళ్లది అయితే మేలు, వాళ్ల ఫోనైనా కలుస్తుంది. పిల్లలకు నగలు వేయకండి. ఉదయాన్నే ఆ రోజు వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసుకోండి. తప్పిపోతే పోలీసులు మొదట అడిగేది బట్టల రంగే, ఆ గాభరాలో అది గుర్తురాదు.

బిడ్డ కనిపించకపోతే మీరే వెతుకుతూ అరగంట పోగొట్టకండి. ఒకరు అనుకున్న చోటే ఆగాలి, మరొకరు తప్పిపోయినవారి సహాయ కేంద్రానికి వెళ్లి మైకులో చెప్పించాలి. అత్యవసర నంబరు 112, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, అంబులెన్సు 108. ఈ మూడూ ఉచితం. పక్కవాళ్ల ఫోన్ నుంచైనా చేయొచ్చు.