హిమసాగరముపై దారిచూపినవారు

ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశముల సరిహద్దులు కలియు తావునకు సమీపమున, మాంట్ బ్లాంక్ శిఖరము పాదముల చెంత, షామొనీ యను లోయ కలదు. వేసవి వచ్చినదనగా నానాదేశముల యాత్రికులు అచ్చటికి పోయి, కాళ్ళకు ఇనుపముండ్లు తగిలించుకొని, నడుమునకు త్రాడు బిగించుకొని, మార్గదర్శి వెంట హిమానీనదముపై ఒక పూట నడచి, ప్రొద్దు వాలకమునుపే బసకు మరలి వచ్చుచున్నారు. ఈ వినోదము పుట్టి యింకను మూడువందల యేండ్లు నిండలేదు. అంతకు పూర్వము ఆ లోయలోని జనులకు హిమానీనదమనగా విహారస్థలము గాదు, ఇంటిమీదికి వచ్చిన ఉపద్రవము.

పదునేడవ శతాబ్దమున ఆల్ప్స్ పర్వతములయందు చలి హెచ్చి, హిమానీనదములు ఏటికేడు క్రిందికి సాగి, షామొనీ రైతుల పొలములను మ్రింగి, కొన్ని పల్లెలను నేలమట్టము గావింపగా, పన్నులు చెల్లింపజాలమని రైతులు ప్రభువులకు మొరపెట్టుకొనిరి; ప్రభువుల వలన మంచు ఆగదని యెరిగి దైవమునకును మొరపెట్టుకొనిరి. 1644లో శార్ల్ ఒగుస్ట్ ద సాల్ అను బిషప్పు సుమారు మూడువందలమంది జనముతో ఊరేగింపుగా పోయి, ఆయా హిమానీనదముల కొసల కడ నిలిచి, అవి వెనుకకు మరలవలెనని ప్రార్థనలు జరిపెను. మంచునకు మంత్రము చదివిన ఆ దినమును తలచి నవ్వుకొనువారుందురు గాని, వాన రాకున్నచో కప్పకు పెండ్లి చేయు మనకు నవ్వు తగదు.

అట్టి భయస్థానమునకును జీవనార్థమై పోవువారు రెండు తెగలవారుండిరి. ఒకరు షామ్వా యను కొండమేకలను వేటాడువారు. రెండవవారు ఎత్తయిన బండల సందులలో దొరకు స్ఫటికములను త్రవ్వి వర్తకులకు అమ్ముకొనువారు. ఏ నెఱియ ఏ మాసమున నోరు తెరచునో, ఏ మంచువంతెన ప్రొద్దుట మనిషిని మోసి మధ్యాహ్నమున మోయకపోవునో వారికి తాతతండ్రులనాటి నుండి వచ్చిన విద్య. ఆ విద్యకు వెల కట్టువారు మాత్రము 1741 వరకు రాలేదు.

ఆ సంవత్సరము జూన్ మాసమున జెనీవాలో కాలక్షేపము చేయుచున్న విలియం విండమ్ అను ఆంగ్ల యువకుడును, తూర్పుదేశములు తిరిగి వచ్చిన రిచర్డ్ పోకాక్ అను యాత్రికుడును మరికొందరితో కలిసి, ఎనమండుగురు దొరలు, ఐదుగురు నౌకర్లు, అందరును ఆయుధపాణులై, దండయాత్రకు వెడలినట్లు షామొనీ చేరిరి. దొంగలకై తెచ్చిన తుపాకులతో పని పడలేదు. పని పడినది దారి తెలిసిన పల్లెటూరివారితో. ఆ రైతులనే కొందరిని కుదుర్చుకొని, వారి వీపులపై రొట్టెలు, ద్రాక్షాసారాయి మోయించుకొని, ఐదుగంటలకు కొంచెము తక్కువ కాలములో మోంటాన్వేర్ కొండచరియ నెక్కి, అచ్చటినుండి మంచు మీదికి దిగి, అరగంట సేపు నిలిచి, నాటి ఆంగ్ల నౌకాధిపతి వెర్నాన్ పేర పానము చేసి మరలిరి. గాలికి కల్లోలమైన సరస్సు ఒక్కమారుగా గడ్డకట్టినట్లున్నదని విండమ్ వ్రాసిన వర్ణన వలననే ఆ హిమానీనదమునకు ‘మేర్ ద గ్లాస్’, అనగా హిమసాగరము, అను పేరు స్థిరపడినది. వర్ణించిన దొర పేరు చరిత్ర కెక్కినది. మోసి, నడిపించి, దింపి తెచ్చిన రైతుల పేర్లు ఎక్కలేదు.

పిమ్మట ఇరువదియేండ్లకు జెనీవా శాస్త్రజ్ఞుడు హొరేస్ బెనెడిక్ట్ ద సోసూర్ షామొనీకి వచ్చి, మాంట్ బ్లాంక్ శిఖరమునకు దారి కనుగొన్నవారికి బహుమానమిత్తునని ప్రకటించుటయు, 1786 ఆగస్టు 8న జాక్ బల్మా అను స్ఫటికాన్వేషియు, మిషెల్ గాబ్రియేల్ పక్కార్ అను వైద్యుడును ఆ శిఖరము నెక్కుటయు, మరుసటి సంవత్సరము సోసూర్ తానే పదునెనమండుగురు మార్గదర్శులతో ఎక్కుటయు లోకవిదితములు. వానిని విస్తరింప బనిలేదు. నా ప్రసంగము శిఖరములకు సంబంధించినది కాదు; శిఖరముల జోలికి పోక మంచు మీద నాలుగడుగులు నడచి తృప్తిపడు సామాన్య యాత్రికునిది, వానిని నడిపించినవానిది.

ఈ సామాన్య యాత్రికులలో అసామాన్యులును లేకపోలేదు. 1779లో గెటే వచ్చెను. 1816లో వచ్చిన మేరీ షెల్లీ తన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవలలో సృష్టికర్తకును వాడు సృజించిన వికృతాకారునకును సమావేశము ఈ హిమసాగరము మీదనే కల్పించినది. నెపోలియను భార్యలిరువురును, జోసెఫీన్ 1810లో, మరీ లూయీజ్ 1814లో, వేర్వేరుగా మోంటాన్వేర్ చేరిరి. యాత్రికులు పెరిగినకొలది పనులును పెరిగినవి: కంచరగాడిదలను తోలువారు, ఇనుప పొన్ను వేసిన పొడవు కర్రలను అమ్మువారు, ప్రొద్దుటనే మంచు అంచున గొడ్డలితో మెట్లు చెక్కి, దాటిన ప్రతివాని కడ సుంకము పుచ్చుకొనువారు బయలుదేరిరి. ఎండకు సాయంకాలమునకే కరగిపోవు మెట్లు గాన, మరునాడు మరల చెక్కవలెను, మరల సుంకము గొనవచ్చును. పెట్టుబడి లేని వ్యాపారమన ఇదియే!

ఇట్లు అదుపులేక పెరుగుచున్న వృత్తిని ఒక కట్టుబాటులోనికి తెచ్చినది ఒక దుర్ఘటన. 1820 ఆగస్టులో రష్యా చక్రవర్తి కొలువునకు చెందిన డాక్టర్ హామెల్ ఇద్దరు ఆంగ్లేయులతోను, పలువురు మార్గదర్శులతోను మాంట్ బ్లాంక్ ఎక్కబోయెను. దారిలో వాతావరణము చెడినది. మార్గదర్శులు వెనుదీసిరనియు, దొరలు ముందుకే పోవలెనని పట్టుబట్టిరనియు లోయవారు చెప్పుకొందురు. ఆ మాటను హామెల్ పక్షమువారు ఒప్పుకొనలేదు. వివాద మెట్లున్నను, క్రొత్తమంచు వారి పాదముల క్రిందనే విరిగి జారి, ముగ్గురు మార్గదర్శులను—పియేర్ బల్మా, పియేర్ కారియే, ఒగుస్ట్ తైరాజ్—ఒక పెద్ద నెఱియలోనికి త్రోసివేసెను. దొరలు మువ్వురును బ్రతికి బయటపడిరి.

మరుసటి యేట, 1821లో, షామొనీ మార్గదర్శులు ఒక సంఘముగా నేర్పడిరి. నాడు ఆ సీమ నేలుచున్న సార్డీనియా ప్రభుత్వము 1823లో దానికి నిబంధనలు విధించెను. మార్గదర్శులు ఆర్జించిన సొమ్ములో కొంతభాగము నిధిగా కూడబెట్టి, చనిపోయినవారి కుటుంబములకును, గాయపడినవారికిని ఇయ్యవలెను. మాంట్ బ్లాంక్ ఎక్కదలచిన ప్రతి యాత్రికుడును నలుగురు మార్గదర్శులను కుదుర్చుకొనవలెను. అన్నిటికన్న ముఖ్యము, మార్గదర్శుల పేర్లు ఒక పట్టీలో వరుసగా వ్రాసియుంచి, యాత్రికుడు వచ్చినప్పుడు ఎవని వంతు వచ్చిన వానినే అతనితో పంపవలెను. నాకు ఫలానివాడే కావలెననుటకు వీలులేదు.

ఈ వంతుల పద్ధతిని ఆంగ్ల పర్వతారోహకులు తీవ్రముగా నిరసించిరి. 1857లో లండనులో ఆల్పైన్ క్లబ్బు వెలసిన పిమ్మట ఆ నిరసన మరింత హెచ్చినది. సమర్థుడును, చాతకానివాడును ఒక్క వరుసలో నిలుచుట అన్యాయమనియు, ప్రాణములు పణముగా నొడ్డువాడు తన సహచరుని తానే ఎన్నుకొనవలెననియు వారి వాదము. క్రమముగా శాస్త్రపరిశోధకులకు, ఒంటరిగా వచ్చిన స్త్రీలకు మినహాయింపు లభించినది. వాదములో సత్యము లేకపోలేదు. అయినను కాశీలో పండాలు యాత్రికుని చేయి పట్టి ఈవైపొకడు, ఆవైపొకడు లాగుట చూచినవారికి, వంతుల పట్టీ ఎంత శాంతిని ప్రసాదించునో వేరుగా చెప్పనక్కరలేదు. శిఖరమెక్కు వీరునకు పట్టీ ప్రతిబంధకమే కావచ్చును. మంచు మీద పూట నడచు గృహస్థునకు అది రక్ష, మార్గదర్శి బిడ్డలకు అన్నము. ఆంగ్లేయులది ప్రతిభాపక్షపాతము, లోయవారిది బ్రతుకుపక్షపాతము. నా మొగ్గు లోయవారి వైపే.

నెఱియలో పడిన ఆ మువ్వురి కథ అంతటితో ముగియలేదు. 1842లో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జేమ్స్ ఫోర్బ్స్ ఒగుస్ట్ బల్మా అను మార్గదర్శి సహాయముతో హిమసాగరముపై గురుతులు నాటి కొలిచి, ఆ మంచు రాత్రింబగళ్ళు ఆగక, దినమునకు అడుగుకు పైగా క్రిందికి సాగుచున్నదనియు, నదిలో వలెనే ఒడ్డులకన్న నడుమ వేగము హెచ్చనియు నిరూపించెను. ఈ లెక్కను బట్టియే, 1820లో పడినవారి అవశేషములు సుమారు నలువదియేండ్లకు లోయ యొడ్డున బయటపడునని యూహించి చెప్పెను. 1861 ఆగస్టులో బోసోన్ హిమానీనదము క్రింది కొసన మంచు నుండి ఎముకలు, చేతులు, నలిగిన లాంతరు, దిక్సూచి, టోపీ, వండిన గొఱ్ఱెతొడ మాంసము వెలువడినవి. ఆ దుర్ఘటన నుండి తప్పించుకొన్న జోసెఫ్ మరీ కుట్టే అప్పటికి వృద్ధుడై జీవించియుండెను. అతనిని పిలిపించి చూపగా, తన సహచరుల ఆనవాళ్ళను తానే గుర్తుపట్టెను. పోయినవారు పోయిననాటి యౌవనముతోనే యుండిరి. గుర్తుపట్టినవాడు మాత్రము ముదిసిపోయెను. మార్క్ ట్వేన్ తన యూరపు యాత్రాగ్రంథమున ఈ వృత్తాంతము నెత్తి వ్రాసినాడు. ఆ గ్రంథముననే మరియొక చోట స్విట్జర్లాండులో హిమానీనదము నెక్కి కూర్చున్నచో అదియే తన్ను క్రిందికి చేర్చునని ఆశపడి, లెక్కవేయగా ఐదువందల యేండ్లకు పైగా పట్టునని తేలి, దిగివచ్చినట్లు పరిహాసముగా చెప్పినాడు.

ఇక నడక విధానము. మార్గదర్శి ముందు నడచును. త్రాడు అతనికిని, వెనుకవానికిని నడుమ నేలకు రాచుకొననంత బిగువుగను, అడుగు తడబడునంత బిగువు గాకుండను ఉండవలెను. నెఱియలపై మంచు కప్పినచోట అతడు గొడ్డలిపిడితో పొడిచి చూచును. గట్టిగా తగిలి నిలిచినచో నడువవచ్చును. పిడి అడ్డులేక జారిపోయినచో పక్కకు తొలగి, ఇంకొకచోట పొడిచి చూచును. వెనుకవారు అతని అడుగులోనే అడుగు వేయుదురు. పూర్వము యాత్రికులకు పొడవు కర్రయే ఆధారము. జారు చోట్ల బూట్లపై ఉన్నిమేజోళ్ళు తొడిగి గడిపెడివారు. కొండవారి పాత ఇనుపముండ్లను సంస్కరించి, పది కోరల క్రాంపన్లను రూపొందించిన యాతడు ఆస్కార్ ఎకెన్‌స్టైన్ అను ఆంగ్లేయ ఇంజనీరు, 1908లో. వానిని కాచి సాగగొట్టి చేసియిచ్చినది మాంట్ బ్లాంక్ ఆవలివైపున కూర్మాయోర్ గ్రామమందలి గ్రీవెల్ కమ్మరి కొలిమి. మంచులో మెట్లు చెక్కు శ్రమను సగము తగ్గించినది ఈ ఇనుపముండ్లే.

1909 నాటికి మోంటాన్వేర్ వరకు రైలుమార్గము పూర్తియైనది. కంచరగాడిదలవారు ఎంత వ్యతిరేకించినను నిలువలేదు. సుమారు ఐదు కిలోమీటర్ల ఆ రైలుదారితో గాడిదలకు పోటీ చేయ శక్యమా? మార్గదర్శుల సంఘము మాత్రము నిలిచినది. లోయలో పుట్టినవారికే అందు ప్రవేశమను కట్టుబాటు 1930లో సడలి, బయటివాడైన రోజే ఫ్రిజోన్ రోష్ అందు చేరినాడు. పిమ్మట అతడే మార్గదర్శుల జీవితమును నవలగా వ్రాసి ప్రఖ్యాతి గాంచెను.

హిమసాగరము మాత్రము నాటిది కాదు. 1850 నుండి నేటి వరకు రెండు కిలోమీటర్లకు పైగా వెనుకకు తగ్గినది. 1988లో మోంటాన్వేర్ నుండి మంచు చెంతకు తీగబండి వేసినప్పుడు దాని కడనుండి దిగుటకు నాలుగైదు మెట్లకన్న మించి అక్కర లేకుండెను. మంచు క్రుంగిన కొలది చేర్చుకొనుచు పోగా ముప్పదియేండ్లలో అవి ఐదువందలు దాటినవి. అందుచేత 2024లో మరింత యెగువన క్రొత్త తీగబండిని నెలకొల్పిరి. 1644లో బిషప్పు కోరిన కోరిక ఇన్నాళ్ళకు, ఎవరును కోరని కాలమున, ఫలించుచున్నది.

ఐరోపాకు పోవు తెలుగువారు పారిస్, రోము నగరములను చూచి తృప్తిపడక, వీలున్నచో జూన్ మొదలు సెప్టెంబరు లోపల షామొనీకి పోయి, ఒక పూటయైన మంచుపై నడచి రావలెను. మార్గదర్శి లేనిదే అడుగు పెట్టరాదు. ఇనుపముండ్లు, త్రాడు ఎట్లు వాడవలెనో అతడే నేర్పును. షామొనీ మార్గదర్శుల సంఘము నేటికిని ఉన్నది, వంతుల పట్టీయు ఉన్నది.